ఒకటి కొడితే ఆగాలి

జూలై 2

బావగారు వచ్చి వెళ్ళారు. కుర్చీ జరిపితే కూర్చోలేదు. నిలబడే చెప్పారు. ఇంట్లో నాలుగుసార్లు అనుకుని మరీ వచ్చారన్నమాట.

"డాక్టరు చెప్పింది నువ్వూ విన్నావుగా అమ్మా. ఊపిరి ఆడుతోంది, అంతే. మనిషి లోపల లేడు. హోములో మంచం ఒకటి ఖాళీ అయింది. పగలూ రాత్రీ చూసుకునేవాళ్ళుంటారు. నువ్వొక్కదానివి ఎన్నాళ్ళని ఎత్తి దించుతావు?"

"లోపలే ఉన్నారు బావగారూ. కొడుతున్నారు."

"ఎవర్ని?"

"ఎవర్నీ కాదు. మంచం ఊచ మీద. ఎడమచేతి వేళ్ళతో."

బావగారు మంచం దగ్గరికి వెళ్ళి వంగారు. "ఒరేయ్ తమ్ముడూ, నేన్రా. వినపడుతుంటే ఒక్కసారి కొట్టరా." చాలాసేపు చూశారు. మా ఆయన చెయ్యి దుప్పటి మీద పెట్టినట్టే ఉంది. బావగారు జేబురుమాలుతో కళ్ళు తుడుచుకుని, "ఇంకో రెండు వారాలు చూద్దాం. తర్వాత నా మాట విను" అని వెళ్ళిపోయారు.

బావగారి స్కూటరు సందు తిరిగిందో లేదో, టక్ టక్. గేటు దాకా పరిగెత్తాను. పిలిస్తే వినపడే దూరం దాటిపోయారు.

అన్న అంటే మొదటినుంచీ భయం ఈయనకి. పరీక్ష పెట్టినట్టు అడిగితే ఎవరు మాత్రం పలుకుతారు?

జూలై 3

ఇవాళ కొట్టలేదు. వాన. వానరోజుల్లో ఆయనకి బద్ధకం.

జూలై 4

వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చింది. మేమంతా డాక్టరమ్మ అంటాం. "నేను డాక్టర్ని కాదు ఆంటీ, కాళ్ళూ చేతులూ ఆడించడమే నా పని" అని ఆ పిల్ల వచ్చినప్పుడల్లా చెబుతుంది. తను మళ్ళీ వచ్చేసరికి మేము మర్చిపోతాం. ఆయన కుడిచెయ్యి ఎత్తి దించింది. కుడిచెయ్యి దుంగ. ఎడమచెయ్యి మాత్రం వెచ్చగా ఉంటుంది.

తను వెళ్ళాక చూస్తే, కారు ఆపినచోట నేల మీద పచ్చటి మడుగు. వేలు ముంచి వాసన చూశాను. తియ్యగా ఉంది. కూలెంటు, ఇంజన్‌ని చల్లార్చే నీళ్ళు.

లోపలికొచ్చి ఆయనకి చెప్పాను. "డాక్టరమ్మ కారు కారుతోందండీ." 

టక్ టక్.

జూలై 6

ఈసారి కారు పొగలు కక్కుతూ వచ్చింది. బానెట్ ఎత్తి నేనే చూశాను. చిన్న కారు. ఇంజన్‌ని దాంట్లో పెట్టిన మహానుభావుడు తర్వాత ఎవరైనా చెయ్యి పెట్టాల్సి వస్తుందని అనుకున్నట్టు లేడు. ఇంజన్‌కీ రేడియేటర్ ఫ్యానుకీ మధ్య నా మణికట్టు పట్టేంత సందు. అందులో, కింద, ఇంజన్‌లోంచి నీళ్ళు బయటికొచ్చే మూతి దగ్గర గొట్టం తగిలించే ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, హౌసింగ్ అంటారు. అది పగిలినట్టుంది. కళ్ళకి కనపడదు. వేళ్ళకి తడి తగిలింది.

"ఇది ఆగిపోతే నేను రావడం కష్టం ఆంటీ. రెండు బస్సులు మారాలి. ఇంకా నలుగురు పేషెంట్లున్నారు" అంది డాక్టరమ్మ. ఆ పిల్ల తప్ప ఆయన్ని మనిషిలా ముట్టుకునేవాళ్ళు ఇంకెవరూ రావడం లేదు.

"ఇక్కడే వదిలి వెళ్ళు. బాగుచేస్తాం."

"మేస్త్రిగారు పడిపోయాక షెడ్డు మూసేశారుగా. ఎవరు చేస్తారు?"

"మేస్త్రే చేస్తారు, మంచం మీంచే. నేను చెయ్యి పెడతాను."

ఆ పిల్ల నన్ను అదోలా చూసింది. అందుకని మొత్తం చెప్పాను. పెళ్ళయిన కొత్తలో ఒక నట్టు ఇంజన్ సందులో పడితే, ఆయన అరచెయ్యి పట్టక, నన్ను వంటింట్లోంచి పిలిచారు. ఆ రోజునుంచి నా చెయ్యి ఆ షెడ్డులో ఒక పనిముట్టు. ఇరుకు పని వచ్చిందంటే పిలుపొచ్చేది. ఆయన కారు కింద వెల్లకిలా పడుకుని టార్చి వేసి చూసేవారు, నేను పైనుంచి చెయ్యి దింపేదాన్ని. చెయ్యి నాది, కళ్ళు ఆయనవి. వచ్చిన చిక్కల్లా కుడి ఎడమల దగ్గర. వెల్లకిలా పడుకున్నవాడి కుడి, వంగి నిలబడ్డదాని కుడి ఎలా అవుతుంది? మా కాపురంలో సగం గొడవలు అవే. చివరికి మాటలు మానేసి కింద నుంచి స్పానరుతో కొట్టడం మొదలుపెట్టారు. రెండు కొడితే తిప్పు. ఒకటి కొడితే ఆగు, మళ్ళీ కొట్టేదాకా కదలకు. మూడు కొడితే చెయ్యి తీసెయ్. ఇంతే. సంసారానికి ఇంతకన్నా ఎక్కువ మాటలు అక్కర్లేదని తర్వాత్తర్వాత తెలిసింది.

ఒకసారి ఒకటి కొట్టి, కారు కింద నుంచి లేచి, వీధిలో ఎవరితోనో కబుర్లలో పడ్డారు. నేను అలాగే వంగి ఉన్నాను. చెయ్యి తిమ్మిరెక్కింది, నడుం పడిపోయింది. కదిపితే బోల్టు జారి లోపల పడుతుంది. ఆయనకి గుర్తొచ్చి పరిగెత్తుకొచ్చి మూడు కొట్టేసరికి నాకు ఏడుపొచ్చింది. "కేకెయ్యొచ్చుగా పిచ్చిదానా" అన్నారు. ఒకటి కొట్టారు కదా, ఎలా వేస్తాను?

డాక్టరమ్మ నవ్వలేదు. తాళాలు నా చేతిలో పెట్టి, "జాగ్రత్త ఆంటీ" అంది.

జూలై 7

బావగారికి ఫోను చేశాను. కొట్టడం లెక్కంతా చెప్పాను. ఈ కారు పని మేమిద్దరం చేసి చూపిస్తాం, అప్పుడైనా నమ్ముతారా అని అడిగాను.

"నువ్వు చేస్తే నువ్వు చేసినట్టమ్మా. వాడు చేసినట్టెలా అవుతుంది?"

"నాకు పని రాదు కదా బావగారూ. ఆ సంగతి మీ ఇంటిల్లిపాదికీ తెలుసు."

ఆ చివరిమాట చెవిన పడిందేమో, అప్పుడే అటు వచ్చిన అక్కయ్య నవ్వడం వినపడింది. బావగారి భార్య, నాకు తోటికోడలు. ఆవిడ దేనికైనా నవ్వుతుంది, దేన్నీ మర్చిపోదు.

జూలై 8

మంచం గోడకి జరిపాను. ఆ గోడకి అవతల షెడ్డు. ఊచ గోడకి ఆనేలా పెట్టాను. షెడ్డులో నిలబడి చెవి పెట్టి చూశాను. బాగానే వినపడుతుంది.

ఇది మోసమేమీ కాదు. గట్టిగా కొట్టే ఓపిక లేనివాడికి గోడని సాయం ఇచ్చాను.

జూలై 9

మొదలుపెట్టాం.

కూలెంటు టబ్బులోకి వదిలాను. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీశాను, పైన అడ్డొచ్చే పైపు తీశాను. చూసీ చూసీ ఇదంతా వచ్చేసింది. హౌసింగ్‌కి మూడు బోల్టులు. పై రెండూ కనపడ్డాయి, వచ్చాయి. మూడోది హౌసింగ్ వెనకాల, అడుగున. ఆ బోల్టు పెట్టినవాడు మాత్రం దొరకాలి. ఉంగరం తీసి పక్కన పెట్టి, బోల్టులు తిప్పే చిన్న రాచెట్ పట్టుకుని చెయ్యి దింపాను. వేలి కొసకి తగిలింది. తిప్పడానికి భయం వేసింది. తుప్పు పట్టిన బోల్టు తల అరిగిందంటే ఇంక అంతే.

ఊరికే నిలబడ్డాను. 

టక్ టక్.

తిప్పాను. కొంచెం కదిలింది. ఇంకో పట్టు పట్టబోతుంటే, టక్. ఆగాను. ఎందుకు ఆపారో తెలియక వేళ్ళతో తడిమితే, రాచెట్ బోల్టు తల మీద సగమే కూర్చుని ఉంది. తిప్పి ఉంటే తల అరిగిపోయేది. సరిగ్గా కూర్చోబెట్టాను. టక్ టక్. తిప్పాను. వచ్చేసింది.

గోడ అవతల మంచం మీద, పైకప్పు కేసి చూస్తూ పడుకున్న మనిషికి రాచెట్ సగమే కూర్చుందని ఎలా తెలిసింది? చప్పుడుని బట్టి తెలుస్తుంది. ఆయనకి చెవులే కళ్ళు. వీధి మలుపులో ఉన్న బండి శబ్దం విని ఏ బేరింగు పోయిందో చెప్పేవారు.

హౌసింగ్ బయటికి తీశాను. అడుగున సన్నటి పగులు. వెళ్ళి ఆయన అరచేతిలో పెట్టాను. వేళ్ళు దాని చుట్టూ ముడుచుకున్నాయి. మళ్ళీ తీసుకోవడానికి ఒక్కో వేలూ విప్పాల్సి వచ్చింది.

జూలై 10

డాక్టరమ్మ బస్సులో వచ్చింది పాపం. తన ఎదురుగానే కొట్టారు. నేను గర్వంగా చూశాను.

"ఆంటీ, ఒకమాట. నేను చెయ్యి పట్టుకున్నప్పుడు కూడా వేళ్ళు ఇలాగే కదులుతాయి. అడిగినా కదులుతాయి, అడక్కపోయినా కదులుతాయి. నరాలు వాటంతటవే చేసే పని అది. దాని మీద మీరు ఎక్కువ ఆశ పెట్టుకుంటే..."

"అడక్కపోయినా మాట్లాడేవాళ్ళనే మొగుళ్ళంటారమ్మా. నీకింకా పెళ్ళి కాలేదు."

నవ్వింది. నేనూ నవ్వాను. తను వెళ్ళాక చాలాసేపు ఆయన వేళ్ళు చూస్తూ కూర్చున్నాను. కొట్టారు, ఆపారు, కొట్టారు. నేనేమీ అడగలేదు. షెడ్డులో ఏ పనీ జరగడం లేదు.

రాయకూడనిది రాస్తున్నాను. కొట్టివేయాలి దీన్ని.

జూలై 12

కొత్త హౌసింగ్ ఇంకా రాలేదు. విడిభాగాల షాపతను రేపు రేపు అంటున్నాడు.

జూలై 13

రేపు.

జూలై 14

వచ్చింది. నీళ్ళు కారకుండా మధ్యలో వేసే రబ్బరు గాస్కెట్‌తో సహా. ఆయన ముక్కు దగ్గర పెట్టాను. కొత్త రబ్బరు వాసన అంటే ఆయనకి ఇష్టం.

బావగారు ఫోను చేశారు. "రేపు మేమిద్దరం వస్తాం. మీ అక్కయ్య వాడి దగ్గర కూర్చుంటుంది, నువ్వు పని చూసుకో" అన్నారు. గొంతు మెత్తగా ఉంది. మనసు కరిగినట్టుంది.

జూలై 15

వరసగా రాయాలి. లేకపోతే రేపటికి నేనే నమ్మను.

పొద్దున వాళ్ళు వచ్చారు. అక్కయ్య నన్ను వంటింట్లోంచి తోసేసింది. "పోవే, నీ కారు నిన్ను పిలుస్తోంది. మీ ఆయన్ని నేనేం కొరుక్కు తినను." షెడ్డులోకి వెళ్ళాను. పక్క వర్క్‌షాపులో రేకులు కోస్తున్నారు, ఒకటే మోత. గొట్టాల్లో మిగిలిన పాత నీళ్ళు వదలడానికి ముందు కారు కింద దూరాను. తర్వాత గాస్కెట్ కూర్చునే చోటు గీకి శుభ్రం చేశాను. హౌసింగ్ పెట్టాను. పై రెండు బోల్టులూ వేళ్ళతో బిగించి, మూడోదాని కోసం చెయ్యి దింపాను.

టక్ టక్. తిప్పాను. టక్ టక్. తిప్పాను. ఆ మోతలో కూడా స్పష్టంగా వినపడింది. గోడ వైపు నుంచి కాదు, ఇనుములోంచి వచ్చినట్టు, మోచేతికి తగిలినట్టు. ఊచ గోడకి ఆని ఉంది కదా, గోడ నేలకి, నేల కారుకి అనుకున్నాను. ఎప్పుడు బిగుతు చాలిందో నాకు తెలియదు, టక్ అనగానే ఆపేశాను. రబ్బరు హోసులు ఎక్కించాను, వాటిని పట్టి ఉంచే క్లాంపులు బిగించాను. మధ్యాహ్నం దాటింది. ఆకలి గుర్తు రాలేదు. చాలా రోజుల తర్వాత సంతోషంగా ఉన్నాను, ఆ మాట దాచడం దేనికి?

కూలెంటు పోసి ఇంజన్ తిప్పాను. వేడి చూపే ముల్లు మెల్లగా లేచి మధ్యలో నిలబడింది. కింద చూస్తే పొడి. ఇంకాసేపు ఉంచాను. అప్పుడు కింది హోసు క్లాంపు దగ్గర ఒక్క బొట్టు. ఇంజన్ ఆపేశాను. తాళంచెవి జేబులో వేసుకున్నాను. స్క్రూడ్రైవరు పట్టుకుని, వేడి సెగలో, ఇంజన్‌కీ ఫ్యానుకీ మధ్య చెయ్యి దింపాను.

టక్ టక్. తిప్పాను. బొట్టు తగ్గింది.

టక్.

ఆగాను. ఇంకేదో రావాలి. రాలేదు. చెమట కళ్ళలోకి కారుతోంది. అలసిపోయారేమో, కాస్త ఊపిరి తీసుకుంటున్నారేమో అనుకున్నాను. పక్కన రేకుల మోత కూడా ఆగింది. నేను కదలలేదు.

అప్పుడు మూడు. ఇన్నేళ్ళలో ఆయన అంత గట్టిగా ఎప్పుడూ కొట్టలేదు. గోళ్ళ చప్పుడు కాదది, స్పానరు చప్పుడు. చెయ్యి నేను తియ్యలేదు, దానంతటదే వచ్చేసింది. మోచేతి దాకా తోలు గీరుకుపోయింది. నా వేళ్ళు పైకి వచ్చాయో లేదో, ఫ్యాను తిరిగింది. తాళంచెవి నా జేబులో ఉండగా, ఇంజన్ ఆగి ఉండగా, దానంతటది, రెక్కలు కనపడనంత జోరుగా. స్క్రూడ్రైవరు ఎక్కడో తగిలి గోడ దాకా ఎగిరిపడింది.

తర్వాత నవ్వొచ్చింది. నెత్తురు కారే చేత్తోనే లోపలికి పరిగెత్తాను, ఏవండీ ఏవండీ అనుకుంటూ.

మంచం ఖాళీ. దుప్పటి నాలుగు మడతలు పెట్టి ఉంది, అక్కయ్య పెట్టే మడత. దిండు ముట్టుకుంటే చల్లగా ఉంది.

ఫోను చెయ్యగానే ఎత్తారు బావగారు.

"కోప్పడకమ్మా. చెబితే నువ్వు పంపవని... వాడి మంచికీ, నీ మంచికీ. హోములో చేర్పించాం. అంతా శుభ్రంగా ఉంది."

"ఎప్పుడు తీసుకెళ్ళారు?"

"పొద్దున్నే. నువ్వు కారు కింద ఉన్నప్పుడు. వ్యాను వీధివైపు పెట్టించాం."

నేను కారు కింద ఉన్నప్పుడు. అంటే ఒక్క బోల్టు కూడా పెట్టకముందు. ఆ హోము ఊరికి ఆ కొసన ఉంది.

ఇంతలో అక్కయ్య ఫోను లాక్కుంది. "ఏమే, మీ ఆయన ఇంట్లో కూడా ఇంతేనా? వచ్చిన దగ్గర్నుంచీ మంచం ఊచ మీద ఒకటే టకటక, నా ప్రాణం తీశాడనుకో. రెండు కొడతాడు, ఆగుతాడు, మళ్ళీ రెండు. పక్క మంచం ముసలాయన తిట్టడమొకటే తక్కువ. చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంటాడు. ఇందాక ఒకటి కొట్టి ఊరుకున్నాడు, హమ్మయ్య అనుకున్నా. ఎక్కడ? కాసేపటికి ఊచ ఊడొస్తుందేమో అన్నట్టు మూడు కొట్టాడు. దాంతో ఆపేశాడులే. ఇప్పుడు కదలడం లేదు, నిద్రపోయినట్టున్నాడు."

అక్కయ్యకి ఈ లెక్క తెలియదు. బావగారికి నేనే చెప్పాను. ఆయన పక్కనే ఉండి వింటున్నారు. ఆయన ఊపిరి ఫోనులో వినపడింది. తర్వాత ఫోను చేయి మారింది.

"చెయ్యి తీశావా అమ్మా?" అన్నారు బావగారు.

జూలై 16

బావగారే వ్యాను మాట్లాడి ఆయన్ని ఇంటికి తెచ్చారు. నా మోచేతి కట్టు చూశారు. మంచం మళ్ళీ గోడకి జరుపుతుంటే ఆ కొస తనే పట్టారు.

నిన్న మూడు కొట్టాక ఆయన వేళ్ళు మళ్ళీ కదలలేదు.

జూలై 17

కదలలేదు. అలసట. మొన్నటిదాకా ఎంత పని చేశారు!

జూలై 18

డాక్టరమ్మ కారు తీసుకెళ్ళింది. చుక్క కారడం లేదు. ఫ్యాను సంగతి చెబితే ఆ పిల్ల తెల్లబోయింది. మా విడిభాగాల షాపతన్ని అడిగాను. అతను తల పట్టుకున్నాడు. "వేడెక్కిన బండిలో ఫ్యాను తాళం తీసినా తిరుగుతుందమ్మా. చెయ్యి పెట్టేముందు ఫ్యాను ప్లగ్గు పీకాలి. మేస్త్రి ముందు అదే పీకేవాడు. మీకు తెలియదా?"

నాకెలా తెలుస్తుంది? ఆయన అన్నీ సర్దాకే నన్ను పిలిచేవారు. నేను వచ్చేసరికి ఎప్పుడూ చెయ్యి పెట్టడమొకటే మిగిలేది. నా చెయ్యి ఇన్నేళ్ళు ఎలా మిగిలిందో నాకు ఇవాళ తెలిసింది. దానికి ఒక్కసారి కూడా ఆయనకి థాంక్స్ చెప్పలేదు.

డాక్టరమ్మ ఆయన ఎడమచెయ్యి పట్టుకుని చాలాసేపు చూసింది. దించేసింది. ఛాతీలో గురగుర వినపడుతోందంది. ఇప్పుడు ఎడమచెయ్యి కూడా చల్లగా ఉంది.

జూలై 19

ఆయన కొట్టకపోతేనేం, నేను కొట్టొచ్చు కదా. షెడ్డులోంచి ఆయన చిన్న స్పానరు తెచ్చాను. పొద్దున లేవగానే ఊచ మీద ఒకటి కొట్టాను. ఊరికే, పలకరింపుగా.

జూలై 20

డాక్టరు వచ్చాడు. ఇవాళో రేపో అన్నాడు. అందరికీ చెప్పుకోమన్నాడు.

పలకరింపుగా ఒకటి కొట్టాను.

జూలై 21

ఉన్నారు. ఒకటి కొట్టాను.

జూలై 22

ఒకటి.

జూలై 23

డాక్టరు మళ్ళీ వచ్చాడు. ఎలా నిలబడ్డాడో అంతు పట్టడం లేదన్నాడు. నేను లోలోపల పొంగిపోయాను. నువ్వు ఇదివరకు కూడా లేడన్నావుగా నాయనా అనాలనిపించింది.

ఆ ఊపిరి మాత్రం వినలేకపోతున్నాను. లోపల బరువేదో లాగుతున్నట్టు, వదలలేక పట్టుకున్నట్టు ఉంది. ఒళ్ళంతా బిగదీసుకుని ఉన్నారు. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. పొద్దున ఒకటి కొట్టాను. మధ్యాహ్నం ఊపిరి ఆగినట్టనిపిస్తే మళ్ళీ ఒకటి కొట్టాను. ఊపిరి అందుకుంది.

పలకరింపుగానే.

జూలై 25

అక్కయ్య వచ్చి కూర్చుంది. ఈమధ్య ఆవిడ నవ్వడం లేదు. ఆయన నుదురు తుడుస్తూ తనలో తాను అన్నట్టుగా అంది. "వెళ్ళేవాడు వెళ్ళలేక, ఉండేవాడు ఉండలేక. ఎవరో కదలొద్దని ఆపేసినట్టు లేదూ?"

చేతిలో స్పానరు ఉంది. దిండు కింద పెట్టేశాను.

జూలై 26

పొద్దున్నుంచీ ఏమీ కొట్టలేదు. చూద్దామని.

అయినా అలాగే ఉన్నారు. ఉంటారు. ఒకటి కొడితే మళ్ళీ కొట్టేదాకా కదలకూడదు. ఆ లెక్క పెట్టింది ఆయనే.

ఆ రోజు వంగి నిలబడి ఉన్నప్పుడు నాకు ఎలా ఉందో ఆయనకి తెలుసు. నడుం ఎలా పడిపోయిందో, ఏడుపు ఎలా వచ్చిందో చూశారు. కేకెయ్యొచ్చుగా అన్నారు. ఈయన కేక కూడా వెయ్యలేరు. వారం రోజులుగా చీకటి సందులో చెయ్యి పెట్టించి, నేను వీధిలో కబుర్లు చెప్పుకుంటున్నాను.

ఒకటి అంటే ఏమిటో నాకు తెలుసు. మొదటిరోజునుంచీ తెలుసు. పలకరింపు అని ఇందులో ఇన్నిసార్లు రాసింది నేనే. ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. ఎవరిని నమ్మించడానికి రాశానో మరి.

బావగారికి ఫోను చేసి స్పానరు సంగతి చెప్పాను. రేపు రమ్మన్నాను.

జూలై 27

బావగారూ అక్కయ్యా పొద్దున్నే వచ్చారు. ఆయనకి ఒళ్ళు తుడిచి, ఉతికిన చొక్కా వేశాను. గోళ్ళ సందుల్లో ఏ సబ్బుకీ పోని నలుపు ఇంకా ఉంది. దాన్ని అలాగే ఉండనిచ్చాను. కిటికీ తెరిస్తే ఎండ మంచం మీదికి వచ్చింది. ఆ గురగుర తప్ప ఇంట్లో చప్పుడు లేదు.

ఆయన చెవి దగ్గర వంగి చెప్పాల్సినవి చెప్పాను. అవి ఇక్కడ రాయను. ఫ్యాను ప్లగ్గు సంగతి కూడా చెప్పాను.

తర్వాత చేతులు రాలేదు. బావగారు వచ్చి, దిండు కింద నుంచి స్పానరు తీసి, నా చేతిలో పెట్టారు.

ఊచ మీద మూడు కొట్టాను. ఆయన కొట్టినట్టే, గట్టిగా.

భుజాలు దిగాయి. మెడ నరాలు దిగాయి. దుప్పటి మీద బిగిసి ఉన్న ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. గురగుర ఆగింది. అక్కయ్య నా భుజం పట్టుకుంది.

ఒక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యలేదు. ఆయన నా మాట ఇంత త్వరగా వినడం ఇదే మొదలు.